ఏ పక్షమూ చేర్చుకోని పాట

దేశ రాజధానికి దక్షిణ భాగాన చిత్తరంజన్ పార్కు అనే కాలనీ ఒకటి ఉన్నది. దేశ విభజన మూలంగా తూర్పు బెంగాల్‌లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన కుటుంబాలకు 1960ల ప్రాంతంలో ప్రభుత్వం స్థలాలు కేటాయించగా అది వెలసింది. దసరా రోజుల్లో అక్కడి దుర్గాపూజ పందిళ్లకు రాజకీయ నాయకులూ, వారి వెంట మావంటి విలేఖరులూ వెళ్లడం ఆనవాయితీ. పార్లమెంటు సమావేశాలు లేని ఆ రోజుల్లో ఎన్నికల జోస్యాలు అక్కడ చేపల వేపుడుతో పాటు వేడివేడిగా లభిస్తాయి.

కొన్నేళ్ల క్రిందట ఒక సాయంత్రం అటువంటి పందిట్లో నలుగురు కాలేజీ విద్యార్థులు గిటార్లు పట్టుకుని ఒక బెంగాలీ పాట అందుకున్నారు. రెండో చరణానికల్లా పందిరంతా గొంతు కలిపింది. బాణీ నాకు పరిచితంగానే తోచింది. "ఇది హిందీ సినిమా పాట కదా, దాదా!" అని పక్కనే కూర్చున్న వయోధికుడైన బెంగాలీ పాత్రికేయునితో అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "సినిమావాళ్లు తీసుకోవడానికి పదకొండేళ్ల ముందే అది మా పాట. దాన్ని కట్టినవాడు జైలు చూసి వచ్చినవాడు. మీరు రాజకీయాలు రాసేవారు గదా, ఆయన పేరు ఎన్నడూ వినలేదా?" అని అడిగాడు. వినలేదని ఒప్పుకోక తప్పింది కాదు.

ఈ శీర్షికన సంగీతాన్ని గురించి రాసే అలవాటు నాకు లేదు. దానికి కావలసిన చెవి కూడా లేదు. అయితే ఆ సాయంత్రం తర్వాత తెలుసుకున్న సంగతులన్నీ రాజకీయాలకు సంబంధించినవే కనుక పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఆ మనిషి పేరు గౌతమ్ ఛటోపాధ్యాయ. తన ఇద్దరు తమ్ముళ్లనూ, ఒక జ్ఞాతి సోదరుణ్ణీ, ముగ్గురు స్నేహితులనూ కూడగట్టుకుని 1975 ప్రాంతంలో కలకత్తాలో ఆయన ఏర్పరచిన బృందం పేరు 'మొహీనేర్ ఘోడాగులి'. మహీన్ అనేవాని గుర్రాలు అని దాని అర్థం. బెంగాలీలో తొలి రాక్ బృందంగా దానినే నేడు చెప్పుకుంటున్నారు.

జైలు నుంచి గిటారుకు

1967 మే నెలలో నక్సల్బరీ గ్రామంలో పేలిన తుపాకుల శబ్దం రెండు చోట్ల గట్టిగా ప్రతిధ్వనించింది. ఒకటి మన శ్రీకాకుళం కొండలు. రెండవది కలకత్తా కళాశాలలు. శ్రీకాకుళంలో ఉపాధ్యాయులూ గిరిజనులూ కదలగా, కలకత్తాలో ప్రెసిడెన్సీ కళాశాల వంటి ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులు చదువులు వదిలి వెళ్లారు. గౌతమ్ ఆ ప్రెసిడెన్సీ విద్యార్థియే. రాజకీయాల్లోకి రాకముందే ఆయనకు గిటారు పరిచయం ఉన్నది. పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లలో ఆంగ్లో ఇండియన్ మిత్రులతో కలిసి ఇంగ్లీషు పాటలు వాయించినవాడు. బీటిల్స్ పాటలూ, చారు మజుందార్ రచనలూ ఒకే కుర్రవాని పుస్తకాల సంచిలో ఇమిడిన కాలమది. ఆ రెంటికీ పొసగదని పెద్దలు తర్వాత చెప్పారే గాని, ఆ కుర్రవాళ్లకు అప్పట్లో అలా తోచలేదు.

తదుపరి చరిత్ర తెలిసినదే. 1969 డిసెంబరులో కవి, జముకుల కథకుడు సుబ్బారావు పాణిగ్రాహిని, 1970 జూలైలో వెంపటాపు సత్యాన్నీ, ఆదిభట్ల కైలాసాన్నీ ఆంధ్రదేశం పోగొట్టుకుంది. 1971 ఆగస్టులో కలకత్తా శివార్లలోని కాశీపూర్, బరానగర్‌లలో యువకుల హత్యాకాండ జరిగింది. 1972 జూలై 28న చారు మజుందార్ నిర్బంధంలోనే మరణించాడు. గౌతమ్ అరెస్టయి దాదాపు ఏడాదిన్నర జైలులో గడిపాడు. విడుదలైన తర్వాత బెంగాల్‌కు దూరంగా మధ్యప్రదేశ్‌లో కొంతకాలం ఉద్యోగం చేసుకుని బతికాడు. తిరిగి కలకత్తా చేరుకునేనాటికి ఉద్యమం చెదిరిపోయింది. స్నేహితులలో పోయినవారు పోగా, మిగిలినవారు ముభావంగా ఉన్నారు. 1975 జూన్‌లో దేశమంతటా అత్యవసర పరిస్థితి వచ్చి పడింది.

ఇటువంటి ఓటమి తర్వాత మనిషి ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. అజ్ఞాతవాసానికి తిరిగి వెళ్లడం, అధికార పక్షంలో చేరడం, లేదా గుమాస్తాగిరీ చూసుకుని నోరు మూసుకోవడం. గౌతమ్ ఈ మూడింటిలో ఏదీ ఎంచుకోలేదు. దక్షిణ కలకత్తాలో నాక్తలా ప్రాంతంలోని తమ ఇంట తమ్ముళ్లను కూర్చోబెట్టుకుని పాటలు కట్టడం మొదలుపెట్టాడు.

అన్నదమ్ముల కచేరీ

ఆ కాలంలో సభలు జరుపుకోవడానికి అనుమతి కావాలి. కరపత్రం వేయడానికి అనుమతి కావాలి. అన్నదమ్ములు ఒక గదిలో చేరి వాద్యాలు వాయించుకోవడానికి మాత్రం ఏ కమిషనరు అనుమతీ అక్కరలేదు. తమ్ముళ్లలో ప్రదీప్ బేస్ గిటారు, వేణువు పట్టాడు. విశ్వనాథ్ డ్రమ్ములు వాయించాడు. జ్ఞాతి సోదరుడు రంజన్ ఘోషాల్ పాటలు రాశాడు, బృందం వ్యవహారాలు చూశాడు. స్నేహితులలో తాపస్ దాస్, తపేశ్ బందోపాధ్యాయ గిటారు వాయిస్తూ పాడేవారు. ఏబ్రహాం మజుందార్ పియానో, వయొలిన్ చేపట్టాడు. గౌతమ్ గిటారు, శాక్సఫోను వాయిస్తూ అందరినీ ఒక తాటిపై నడిపించాడు. మొదట్లో బృందానికి సప్తర్షి మొదలైన పేర్లు అనుకున్నారు. చివరకు రంజన్ ఘోషాల్ సూచించిన పేరు నిలిచింది.

ఆ పేరుకు మూలం జీవనానంద దాస్ కవిత. రవీంద్రుని తర్వాత బెంగాలీ కవిత్వంలో అంతటివాడని అక్కడివారు భావించే ఈ కవి 1899లో బారిసాల్‌లో పుట్టి, 1954లో కలకత్తాలో ట్రాము ప్రమాదంలో గాయపడి మరణించాడు. కార్తీక మాసపు వెన్నెట్లో మహీన్ గుర్రాలు మేస్తున్న దృశ్యం ఆయన 'ఘోడా' అనే కవితలో వస్తుంది. ఏదో ప్రాచీన యుగం నుంచి నడిచివచ్చి, ఈ లోకపు యంత్రాల మధ్య ఇంకా గడ్డి కోసం వెతుక్కుంటున్న గుర్రాలవి. ఆ మహీన్ ఎవరో కవి చెప్పలేదు. ఓడిన తరానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు.

వారు వెలువరించిన రికార్డులు మూడే. 1977లో మొదటిది వచ్చింది. కలవరపడిన పక్షులూ, కలకత్తా విషయమూ అని అర్థం వచ్చే పొడుగాటి పేరు దానిది. 1978లో రెండవది, 1979లో మూడవది. మూడూ కలిపినా పాటలు చేతివేళ్లపై లెక్కపెట్టగలిగినన్నే. అయినా ఆ కొద్ది పాటల్లో బెంగాలీ పాట అంతవరకు ముట్టని వస్తువులు చోటు చేసుకున్నాయి. 'హాయ్ భాలోబాషి' అనే పాటలో ఒక యువకుడు తనకు ప్రియమైనవన్నీ వరుసగా చెప్పుకుంటాడు. వెన్నెలా, పొగమంచూ, పికాసో, డాంటే, బీటిల్స్, డిలన్, బీథోవెన్, రవిశంకర్, అలీ అక్బర్ అందరూ ఆ జాబితాలో ఉంటారు. ఇన్ని ఉన్నా మనసుకు ఏదీ రుచించడం లేదేమని చివరకు తనను తాను అడుగుకుంటాడు. ఆ పాటలో విప్లవం అన్న మాట లేదు. కాని 1970ల కలకత్తాలో చదువుకున్న యువకుని గుండెలోని వెలితిని అంత సూటిగా చెప్పిన రాజకీయ తీర్మానం ఏ పార్టీ మహాసభలోనూ జరగలేదు.

సంగీతం సంగతి తెలిసినవారు చెప్పేదేమంటే, గౌతమ్ పాశ్చాత్య రాక్ బాణీని యథాతథంగా దిగుమతి చేసుకోలేదు. బావుల్ గాయకుల సాంగత్యం ఆయనకు ఉన్నది. ఊరూరా తిరుగుతూ ఏకతారతో పాడుకునే ఆ సంచారుల గొంతులోని స్వేచ్ఛకూ, అమెరికా యువకుల గిటారులోని స్వేచ్ఛకూ చుట్టరికం ఉన్నదని ఆయన నమ్మాడు.

అపసంస్కృతి అనే ఆయుధం

వారి మొదటి రికార్డు వెలువడిన 1977లోనే, జూన్ 21న, జ్యోతిబసు నాయకత్వాన వామపక్ష కూటమి బెంగాల్‌లో అధికారం చేపట్టింది. జైళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఇక తమ రోజులు వచ్చాయని ఈ బృందం అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. జరిగినది మాత్రం వేరు. రవీంద్ర సంగీతానికి అలవాటుపడిన పెద్దలకు ఈ పాటలు గోలగా తోచాయి. ప్రజానాట్య ఉద్యమంలో పెరిగిన వామపక్షీయులకు ఇవి మధ్యతరగతి కుర్రవాళ్ల పాశ్చాత్య వ్యామోహంగా తోచాయి. ఇంగ్లీషు పాటలు వినే పార్క్ స్ట్రీట్ శ్రోతలకు బెంగాలీలో రాక్ ఏమిటని నవ్వు వచ్చింది. ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క కారణం ఉన్నది. ఫలితం మాత్రం ఒక్కటే. రికార్డులు అమ్ముడుపోలేదు. 1980ల ఆరంభానికి బృందం చెదిరిపోయింది. ఒకరు ఇంజనీరుగా అమెరికా వెళ్లారు, ఒకరు బెంగుళూరు చేరారు. గౌతమ్ చిత్రనిర్మాణం వైపు మళ్లాడు. ఆయన 'నాగమతి' చిత్రానికి జాతీయ పురస్కారం లభించింది.

ఆ దశాబ్దంలో బెంగాల్ వామపక్ష వర్గాలలో 'అపసంస్కృతి' అనే మాట విరివిగా వాడుకలో ఉండేది. ప్రజాపనుల మంత్రి జతిన్ చక్రవర్తి ఉషా ఉతుప్ పాటలను ఆ ముద్ర వేసి నిరసించడం, ఆమె హైకోర్టుకెక్కి నెగ్గడం నాటి ప్రసిద్ధ వివాదాలలో ఒకటి. అయితే 1986లో అదే కూటమికి చెందిన సుభాష్ చక్రవర్తి పూనికతో సాల్ట్ లేక్ స్టేడియంలో బొంబాయి తారలతో భారీ ఎత్తున వినోద ప్రదర్శన జరిగింది. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. అధికారంలో ఉన్నవారు జనాన్ని కూడగట్టగల వినోదంతో ఏదో ఒకనాటికి రాజీపడతారు. వారు సహించలేనిది, తమను అడగకుండా ఆలోచించే పాటను.

ఇక్కడ మన అనుభవాన్ని తలుచుకోకుండా ముందుకు పోలేము. నక్సల్బరీ తరం ఆంధ్రదేశంలో పాటను వదలలేదు. 1970 జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. దిగంబర కవిగా మొదలైన చెరబండరాజు పాటల రచయితగా మారాడు. జననాట్యమండలితో గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పల్లె బాణీలలో ఊళ్లను ఊపాడు. విచిత్రమేమంటే అదే కాలంలో కలకత్తా నుంచి మరో గౌతమ్, గౌతమ్ ఘోష్, తెలంగాణకు వచ్చి 'మా భూమి' చిత్రం తీశాడు. 1980లో విడుదలైన ఆ చిత్రంలో బండెనక బండి కట్టిన పాటతో గద్దర్ తెరపై కనిపించాడు.

మన పాట పల్లెకు వెళ్లింది, ఉద్యమంతో నడిచింది, లక్షల గొంతులకు చేరింది. నాక్తలా అన్నదమ్ముల పాట నగరంలోనే ఉండిపోయింది, ఒంటరిగా నిలిచింది, పాతికమందికి చేరింది. ఏది గొప్పదన్న తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. మన పాటకు పిలుపునిచ్చే శక్తి ఉన్నది. ఆ పిలుపు అందుకుని వెళ్లి ఓడి తిరిగి వచ్చినవాడు ఇంటికి చేరాక రాత్రిళ్లు ఏమనుకుంటాడో చెప్పే శక్తి ఆ పాటకు ఉన్నది. ఒక తరం చరిత్రకు రెండూ సాక్ష్యాలే. మొదటిదాన్ని భద్రంగా దాచుకుని రెండవదాన్ని పారవేయడంలో న్యాయం లేదు.

సరిహద్దులకు ఆవల

ఉపఖండంలో ఇది ఒక్క కలకత్తా కథే కాదు. 1971 విముక్తి యుద్ధంలో గెరిల్లాగా పోరాడిన ఆజం ఖాన్ అనే యువకుడు, యుద్ధం ముగిశాక ఢాకాలో తుపాకీ దించి గిటారు ఎత్తాడు. రైలు పట్టాల పక్కని మురికివాడలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని గురించి ఆయన పాడిన పాట, స్వతంత్ర బంగ్లాదేశ్ తొలి సంవత్సరాల ఆకలిని ఏ ప్రభుత్వ నివేదిక కంటె బాగా చెప్పిందని అక్కడివారు అంటారు. 2011లో మరణించిన ఆయనకు ఆ దేశ ప్రభుత్వం 2019లో ఏకుశే పదక్ ప్రకటించింది.

పాకిస్తాన్‌లో జియా ఉల్ హక్ సైనిక పాలన సాగుతున్న 1981లో నాజియా హసన్, జొహెబ్ హసన్ అనే అక్కాతమ్ముళ్లు 'డిస్కో దీవానే' పాటల సంపుటితో సంచలనం సృష్టించారు. వారి పాటలలో రాజకీయాలు లేవు. ఒక యువతి తమ్మునితో కలిసి కెమెరా ముందు నిలబడి పాడటమే ఆ దేశంలో ఆనాడు రాజకీయమయింది. మూడు దేశాలు, మూడు విధాల ప్రభుత్వాలు. మూడు చోట్లా కొత్త పాట ముందుగా ఇంట్లోనో, స్నేహితుల మధ్యనో పుట్టింది.

ఇరవై ఏళ్ల తరువాత

కథ ఇక్కడితో ముగిసిపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. 1990లలో బెంగాల్‌లో కొత్త తరం ఒకటి పాత రికార్డులను వెతికి వినడం ప్రారంభించింది. అది గమనించిన గౌతమ్, 1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో 'ఆబార్ బొఛోర్ కుడి పోరే' అనే పాటల సంపుటిని వెలువరించాడు. మళ్లీ ఇరవై ఏళ్లకు అని అర్థం. ఆ మాట కూడా జీవనానందునిదే. ఆ సంపుటికి ఆయన తనను సంపాదకునిగా పేర్కొన్నాడు. తన పాటలతో పాటు ఊరూ పేరూ లేని కుర్రవాళ్ల పాటలను అందులో చేర్చాడు. తర్వాతి మూడు సంవత్సరాలలో మరో మూడు సంపుటాలు అదే పద్ధతిలో వచ్చాయి. తనను ఎవరూ చేర్చుకోని రోజులు ఎరిగినవాడు కనుక ఇతరులను చేర్చుకోవడం నేర్చుకున్నాడని నాకు తోచింది. 1999 జూన్ 20న ఆయన మరణించాడు.

చిత్తరంజన్ పార్కు పందిట్లో నేను విన్న 'పృథిబీటా నాకి' 1995 నాటి ఆ సంపుటిలోనిదే. ఉపగ్రహ టెలివిజన్ ఇళ్లలోకి వచ్చిన తొలి రోజులవి. ప్రపంచమంతా కుంచించుకుపోయి నట్టింటి పెట్టెలో ఇరుక్కుందనీ, మనుషుల మధ్య దూరం మాత్రం పెరిగిందనీ ఆ పాట వాపోతుంది. అదే బాణీ 2006లో 'గ్యాంగ్‌స్టర్' హిందీ చిత్రంలో, ప్రీతమ్ సంగీతంలో, 'భీగీ భీగీ'గా మారి దేశంలోని ప్రతి నట్టింటి పెట్టెలోంచీ మోగింది. దాన్ని పాడిన జేమ్స్ ఢాకా గాయకుడు కావడం మరొక విశేషం. పెట్టెను తిట్టిన పాట ఆ పెట్టె మూలంగానే దేశానికంతటికీ చేరింది. కట్టినవాని పేరు మాత్రం విన్నవారిలో నూటికి ఒక్కరికైనా తెలిసి ఉంటుందా అన్నది సందేహమే. పందిట్లో నా అజ్ఞానమే అందుకు నిదర్శనం.

పాటల రచయితలకూ, స్వరకర్తలకూ రాయల్టీలో వాటా ఉండాలనీ, దానిని వారి చేత ముందుగానే వదులుకోజేయరాదనీ పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించినది 2012 మే నెలలో. పరస్పరం కలహించడమే వృత్తిగా పెట్టుకున్న పక్షాలన్నీ ఆనాడు ఏకకంఠంతో బిల్లును ఆమోదించడం గమనార్హం. రాజ్యసభ నామినేటెడ్ సభ్యుడైన జావేద్ అఖ్తర్ రచయితల దుస్థితిని సభకు వివరించాడు. గౌతమ్ కన్నుమూసిన పదమూడేళ్లకు ఆ చట్టం వచ్చింది. చట్టం డబ్బు ఇప్పించగలదు. ఎవరు కట్టారన్న జ్ఞాపకాన్ని జనమే నిలుపుకోవాలి.

రెండు వీడ్కోళ్లు

రంజన్ ఘోషాల్ 2020 జూలైలో బెంగుళూరులో మరణించాడు. తాపస్ దాస్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకింది. ముక్కుకు గొట్టం ఉండగానే ఆయన వేదికనెక్కి పాడాడు. చికిత్సకు డబ్బు లేదని తెలిసి యువ గాయకులు కచేరీలు చేసి చందాలు పోగుచేశారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం చికిత్స భారాన్ని స్వీకరించింది. 2023 జూన్ 25న ఆయన కన్నుమూశాడు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 6న, హైదరాబాదులో గద్దర్ మరణించాడు. ఒకనాడు తాను ధిక్కరించిన ప్రభుత్వమే అధికార లాంఛనాలతో ఆయనకు వీడ్కోలు చెప్పింది.

ఒకే నిప్పు నుంచి ఎగసిన రెండు రవ్వలు ఒకే ఏడాదిలో ఆరిపోయాయి. రెంటికీ చివరకు ప్రభుత్వ ఆదరణ లభించింది. దానిని మేలుమార్పు అనుకోవచ్చు, లేదా పాట ముసలిదయ్యాక ఏ ప్రభుత్వమూ దానికి భయపడదని అనుకోవచ్చు. నేను రెండవ అభిప్రాయానికే మొగ్గు చూపుతాను. పాటను పాడేవాడు బతికి, బలంగా, ఎవరికీ కొరుకుడు పడకుండా ఉన్ననాడు ఆదరించినదే ఆదరణ.

పార్లమెంటులో యువత భవిష్యత్తును గురించి ప్రతి సమావేశంలోనూ ప్రసంగాలు జరుగుతూనే ఉంటాయి. అవి వింటూ రాసుకునేటప్పుడల్లా నాకు నాక్తలాలోని ఆ గది గుర్తుకు వస్తున్నది. బయట అత్యవసర పరిస్థితి. లోపల ముగ్గురు అన్నదమ్ములు, ఒక జ్ఞాతి, ముగ్గురు స్నేహితులు. ఆ ఏడుగురి పేర్లు ఏ పార్టీ సభ్యత్వ పుస్తకంలోనైనా వెతికితే ఆ తరం మనసు దొరకదు. వారు కట్టిన పాటల్లో దొరుకుతుంది. మన ఊళ్లలోనూ ఏ సందులోని ఏ గదిలోనో నేడు నలుగురు పిల్లలు చేరి, మనకు గోలగా వినిపించే దేనినో వాయించుకుంటూ ఉంటారు. తలుపు తట్టి ఆపమని చెప్పేముందు, వారు ఏమంటున్నారో ఒక్క చరణమైనా వినడం రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవారి విధి.